50 లక్షలా, 6 కోట్లా? లెక్కల మధ్య జారిపోతున్న వినికిడి లోపం

భారతదేశంలో వినికిడి లోపం ఉన్నవారు ఎందరు? ఈ ప్రశ్నకు ప్రభుత్వ పత్రాల్లోనే వేర్వేరు సమాధానాలు కనిపిస్తాయి. 2011 జనగణన ప్రకారం వారి సంఖ్య సుమారు 50.7 లక్షలు. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ దఫా అధ్యయనం వారిని జనాభాలో 0.3 శాతంగా తేల్చింది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నిర్వహిస్తున్న చెవుడు నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమం మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాను ఉటంకిస్తూ, చెప్పుకోదగిన స్థాయిలో వినికిడి కోల్పోయినవారు దేశంలో సుమారు 6.3 కోట్ల మంది అని, అంటే జనాభాలో 6.3 శాతమని పేర్కొంటోంది. మొదటి అంకెకూ చివరి అంకెకూ మధ్య తేడా పన్నెండు రెట్లు.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా ప్రకటించిన నేపథ్యంలో ఈ తేడాను నిశితంగా పరిశీలించవలసి ఉంది. ఇందులో ఏదో ఒక అంకె తప్పు, మరొకటి ఒప్పు అనుకోవడానికి వీల్లేదు. ఒక్కో లెక్క ఒక్కో చోట గీత గీసింది. ఆ గీతకు ఇవతల మిగిలిపోయినవారే అత్యధికులు. చవకైన మందుతోనో, చిన్న శస్త్రచికిత్సతోనో, సకాలంలో అందిన వినికిడి యంత్రంతోనో బాగుపడగలిగిన వారిలో ఎక్కువ మంది ఆ మిగిలిపోయిన వారిలోనే ఉన్నారు.

గీత ఎక్కడ?

వినికిడిని డెసిబెళ్లలో కొలుస్తారు. ఒక వ్యక్తి వినగలిగే అతి చిన్న శబ్దం ఎన్ని డెసిబెళ్లన్నదే కొలమానం. 2021 మార్చిలో వెలువరించిన ప్రపంచ వినికిడి నివేదికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 20 డెసిబెళ్ల లోపు శబ్దాన్ని వినగలిగితే సాధారణ వినికిడిగా పరిగణించింది. 20 నుంచి 35 మధ్య స్వల్ప లోపం. మెరుగ్గా ఉన్న చెవిలో సైతం లోపం 35 డెసిబెళ్లను దాటితే ఆ వ్యక్తికి పునరావాస సేవలు అవసరమని ఆ సంస్థ లెక్క. ప్రపంచవ్యాప్తంగా 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక స్థాయిలో వినికిడి తగ్గినవారేనని, వారిలో 43 కోట్ల మందికి పునరావాసం అవసరమని, 2050 నాటికి ఈ రెండో సంఖ్య 70 కోట్లకు చేరవచ్చని ఆ నివేదిక హెచ్చరించింది.

భారతీయ చట్టం గీసిన గీత ఇంకా చాలా పైన ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల పౌనఃపున్యాల వద్ద 70 డెసిబెళ్ల లోపం ఉంటే బధిరత్వం. 60 నుంచి 70 మధ్య ఉంటే పాక్షిక వినికిడి లోపం. 60కి లోపు ఉన్నవారు ఈ రెండు నిర్వచనాల్లోకీ రారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం అవసరమని చెప్పే 35కూ, చట్టం గుర్తించే 60కీ మధ్య 25 డెసిబెళ్ల ఖాళీ ఏర్పడింది. రిజర్వేషన్ల వంటి పరిమిత అవకాశాలను తీవ్ర వైకల్యం ఉన్నవారికే కేటాయించాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగినదే. అయితే ప్రయోజనాల పంపిణీకి గీసిన గీతే క్రమంగా ఆరోగ్య సమస్యకు సరిహద్దుగా మారిపోవడం అసలు చిక్కు.

ఆ ఖాళీలో ఉన్న వ్యక్తికి ఏం వినిపిస్తుంది? మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్ల స్థాయిలో సాగుతుంది. కనుక 45 డెసిబెళ్ల లోపం ఉన్నవారికి ఎదుటివారి గొంతు వినబడుతుంది. అచ్చులు బలమైనవి కాబట్టి అందుతాయి. క, త, ప, స వంటి బలహీనమైన హల్లులు జారిపోతాయి. తరగతి గదిలో వెనుక వరుసలో కూర్చున్న పిల్లవాడికి పాలు, కాలు, తాలు అన్న మూడు మాటలూ ఒకటిగానే చెవిన పడతాయి. ‘వినబడుతోంది కానీ అర్థం కావడం లేదు’ అని పెద్దవారు తరచూ చెప్పే మాటకు అర్థం ఇదే. పిల్లవాడు ఆ మాట కూడా చెప్పలేడు. పరధ్యానం, మొద్దుతనం, మొండితనం అన్న పేర్లు మాత్రం తెచ్చుకుంటాడు.

చెవిలో చీము: పేదరికపు వ్యాధి

చెవి పనితీరు తెలిస్తే ఈ గీత ఎవరిని వదిలేస్తోందో స్పష్టమవుతుంది. బయటి నుంచి వచ్చిన శబ్ద తరంగాలు కర్ణభేరిని కదిలిస్తాయి. దాని వెనుక మధ్య చెవిలో ఉన్న కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిట్టి ఎముకలు ఆ కదలికను పెంచి లోపలి చెవికి చేరుస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉండే కోక్లియాలో సుమారు 15 వేల రోమకణాలు దానిని విద్యుత్ సంకేతాలుగా మార్చి నాడి ద్వారా మెదడుకు పంపుతాయి. కర్ణభేరి, ఎముకలు దెబ్బతింటే శబ్దం ప్రయాణానికి అడ్డంకి ఏర్పడుతుంది. దీనిని చాలావరకు సరిదిద్దవచ్చు. రోమకణాలు దెబ్బతింటే మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు.

మొదటి రకంలో భారత్‌ను ఎక్కువగా పీడిస్తున్నది దీర్ఘకాలిక మధ్య చెవి వాపు, వాడుక భాషలో చెవిలో చీము కారడం. ఈ వ్యాధి జనాభాలో 4 శాతానికి మించి కనిపించే దేశాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లోనే భారత్‌ను చేర్చింది. గొంతు వెనుక భాగాన్ని మధ్య చెవితో కలిపే యూస్టేషియన్ నాళం పిల్లల్లో పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు సూక్ష్మజీవులు సులువుగా పైకి పాకుతాయి. ఇరుకు ఇళ్లు, కట్టెల పొయ్యి పొగ, పోషకాహార లోపం, పసివారిని పడుకోబెట్టి పాలు పట్టడం, తరచుగా వచ్చే జలుబును పట్టించుకోకపోవడం ఇందుకు దోహదం చేస్తాయి. లోపల చేరిన చీము చివరకు కర్ణభేరిని చిల్లు చేసుకొని బయటకు వస్తుంది. విచిత్రమేమిటంటే అప్పటిదాకా గుక్కపట్టి ఏడ్చిన బిడ్డకు ఆ క్షణంలో నొప్పి తగ్గుతుంది. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. వ్యాధి మొండిగా మారేది అక్కడి నుంచే.

ఆ తర్వాత ఇంటి వైద్యం మొదలవుతుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకు పసర్లు చెవిలో పోయడం తెలుగు పల్లెల్లోనే కాక దేశమంతటా ఉన్న అలవాటు. చిల్లు పడిన కర్ణభేరి మీదుగా ఆ నూనె నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. పిన్నీసుతో, అగ్గిపుల్లతో గులిమి తీయడం మరో అలవాటు. ఉత్తరాది నగరాల్లో పెట్టె భుజాన వేసుకొని చెవులు శుభ్రం చేసేవారు నేటికీ కనిపిస్తారు. గులిమి చెవికి సహజ రక్షణ కవచమని, అది తనంతట తానే బయటకు వస్తుందని వైద్యులు ఎంత చెప్పినా, దూది పుల్లల అమ్మకం చదువుకున్న ఇళ్లలోనూ తగ్గలేదు.

చెవిని పొడిగా ఉంచడం, శుభ్రమైన గుడ్డ వత్తితో చీమును అద్దుతూ సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయోటిక్ చుక్కలు వేయడం ఈ వ్యాధికి తొలి చికిత్స. దీనికి పెద్దాసుపత్రి అవసరం లేదు. చిల్లు పూడకపోతే టింపనోప్లాస్టీ అనే శస్త్రచికిత్సతో కర్ణభేరిని పునర్నిర్మిస్తారు. అయితే ఒక రకం చీము మాత్రం ప్రమాదకరం. దుర్వాసనతో, కొద్దిగానే కారుతూ ఉండే చీము వెనుక కొలెస్టియటోమా అనే చర్మపు గడ్డ ఉండవచ్చు. అది చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. నిర్లక్ష్యం చేస్తే ముఖ నాడి దెబ్బతిని మూతి వంకర పోవచ్చు. మెదడులో చీముగడ్డ ఏర్పడి ప్రాణం మీదకు రావచ్చు. ఈ రెండు రకాలనూ వేరుచేసి చూడటానికి కావలసింది ఒక ఓటోస్కోపు, దానిని పట్టుకోవడం నేర్చిన చేయి.

కర్ణభేరికి చిల్లు పడటం వల్ల కలిగే వినికిడి లోపం సాధారణంగా 20 నుంచి 40 డెసిబెళ్ల మధ్య ఉంటుంది. ఎముకల గొలుసు తెగిపోయినా అది సుమారు 60ని మించదు. అంటే ఈ చెవిపోటు రోగుల్లో దాదాపు ఎవరూ వైకల్య ధ్రువపత్రం దాకా రారు. ‘వినబడదా?’ అని గణకుడు అడిగితే ఇంట్లోవారు ‘వినబడుతుంది’ అనే చెబుతారు. అది అబద్ధం కాదు.

పుట్టుకతో వచ్చే చెవుడు: గడియారంతో పోటీ

పుట్టుకతోనే తీవ్రంగా వినికిడి లేని శిశువుల పరిస్థితి వేరు. వీరిని చట్టం గుర్తిస్తుంది, ప్రభుత్వాలు నిధులూ ఇస్తున్నాయి. ఇక్కడ కొరవడుతున్నది సమయం. మెదడులో భాషకు పునాది పడేది తొలి మూడేళ్లలో. అందుకే మొదటి నెలలోపు పరీక్ష, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స అన్నది అంతర్జాతీయంగా అనుసరిస్తున్న సూత్రం. నిద్రపోతున్న శిశువు చెవిలో చిన్న గొట్టం ఉంచి చేసే ఓఏఈ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. సందేహం ఉంటే మెదడు కాండం స్పందనను కొలిచే బెరా పరీక్షతో నిర్ధారిస్తారు.

చాలా ఆసుపత్రుల్లో ప్రసవం తర్వాత బిడ్డ బరువు తూస్తారు, టీకాలు వేస్తారు, వినికిడిని మాత్రం పరీక్షించరు. ఫలితంగా బిడ్డకు రెండేళ్లు దాటాక, మాటలు రావడం లేదని గమనించినప్పుడే అనుమానం మొదలవుతుంది. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అన్న పెద్దల ఊరడింపు మరో ఏడాదిని మింగేస్తుంది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించవలసిన లోపాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ఉంది. పరికరాలు, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న జిల్లాల్లోనే అది ఆచరణలోకి వస్తోంది.

కారణాల్లో కొన్ని నివారించదగినవి. పిల్లల్లో వినికిడి లోపానికి దాదాపు 60 శాతం కారణాలు ఈ కోవకే చెందుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, గుండె, కంటి లోపాలు రావచ్చు. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు సహా అయిదు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోనూ, అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ మొదలైన తట్టు-రుబెల్లా టీకా ప్రచారం ఈ దిశగా కీలక అడుగు. ప్రసవ సమయంలో ఊపిరాడకపోవడం, తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడువాపు ఇతర కారణాలు. మిగిలిన వాటిలో వంశపారంపర్యత ప్రధానం.

దక్షిణాదిలో దీనికి మేనరికం తోడవుతోంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సుమారు 11 శాతం వివాహాలు రక్తసంబంధీకుల మధ్య జరిగినవి కాగా, తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో ఆ వాటా నాలుగో వంతును దాటింది. ఒకే లోపభూయిష్ట జన్యువును తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తుంటే బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. ఆస్తి బయటకు పోకూడదని, పిల్ల కళ్లెదుట ఉండాలని చేసుకునే సంబంధాలను ఉపదేశాలతో ఆపడం సులువు కాదు. అటువంటి కుటుంబాల్లో పుట్టే ప్రతి శిశువుకూ తప్పనిసరిగా వినికిడి పరీక్ష చేయడం మాత్రం ఆసుపత్రి చేతిలో ఉన్న పని.

రోమకణాలు పనిచేయని చిన్నారులకు కోక్లియర్ ఇంప్లాంట్ వరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ఖరీదైన శస్త్రచికిత్సను పేద పిల్లలకు ఉచితంగా అందించిన తొలి పథకాల్లో ఒకటిగా నిలిచింది. కేరళ 2012లో శ్రుతితరంగం పేరిట ప్రత్యేక పథకం చేపట్టింది. కేంద్రం 2014లో సవరించిన అడిప్ పథకం కింద ఏటా 500 మంది పిల్లలకు, ఒక్కొక్కరికి రూ.6 లక్షల వరకు సాయం చేసేందుకు అవకాశం కల్పించింది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ దీనికి నోడల్ సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది.

శస్త్రచికిత్స జరిగిన రోజున ఫొటోలు తీస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. యంత్రం అందించే సంకేతాలను మాటలుగా గుర్తించడానికి ఏళ్ల తరబడి శ్రవణ-వాక్ శిక్షణ కావాలి. జిల్లా కేంద్రంలో కూడా దొరకని శిక్షకుడి కోసం తల్లి కూలి మానుకొని వారానికి రెండుసార్లు నగరానికి ప్రయాణించవలసి వస్తే ఎన్నాళ్లు సాగుతుంది? బయటి ప్రాసెసర్ పాడైతే, తీగలు తెగితే, బ్యాటరీలు అయిపోతే భరించేది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబు లేని చోట లక్షల రూపాయల పరికరం పిల్లవాడి తలలో మౌనంగా మిగిలిపోతుంది. పథకాల సమీక్షలో ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయన్నదాని కంటే, అయిదేళ్ల తర్వాత ఎందరు పిల్లలు వాక్యం మాట్లాడుతున్నారన్న లెక్క ముఖ్యం కావాలి.

ఇంప్లాంట్ అందని, పనికిరాని, లేదా వద్దనుకున్న కుటుంబాలకు సంజ్ఞా భాష ఉంది. అది సంపూర్ణమైన భాష, దయతో ఇచ్చే ప్రత్యామ్నాయం కాదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం భారతీయ సంజ్ఞా భాషను దేశవ్యాప్తంగా ప్రామాణీకరిస్తామని ప్రకటించింది. దానిని బోధించే ఉపాధ్యాయుల కొరత మాత్రం తీరలేదు.

శబ్దం చేసే గాయం

డెసిబెల్ మామూలు కొలబద్ద కాదు. 10 డెసిబెళ్లు పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది. మూడు పెరిగితే రెట్టింపు. వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్ల శబ్దం వినడం సురక్షితమని, 90 డెసిబెళ్లయితే నాలుగు గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ వినోద శ్రవణానికి సూచించిన పరిమితి. ఇయర్‌ఫోన్ల శబ్దం కారణంగా ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా యువత ముప్పు అంచున ఉందన్న హెచ్చరిక ఈ లెక్క నుంచి వచ్చిందే.

ఇయర్‌ఫోన్ల గురించి చర్చ జరుగుతోంది, మంచిదే. ఫ్యాక్టరీ కార్మికుడి చెవి గురించి అంత చర్చ లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం శబ్దం వల్ల కలిగే వినికిడి లోపాన్ని విధిగా నివేదించవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ చట్టం కింద రూపొందిన నిబంధనలు రోజుకు ఎనిమిది గంటలపాటు 90 డెసిబెళ్ల దాకా అనుమతించాయి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు చేసిన హద్దు 85. దాని సూత్రం ప్రకారం 90 డెసిబెళ్ల మధ్య రెండున్నర గంటలకు మించి పనిచేయరాదు.

మరమగ్గాల షెడ్డులో 90 డెసిబెళ్లు దాటడం అరుదేమీ కాదు. సిరిసిల్లలోనూ, తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు తరతరాలుగా పనిచేస్తున్న భివండీలోనూ, సూరత్‌లోనూ షెడ్డు లోపల మాటలకు బదులు సైగలు సాగుతాయి. శబ్దపు దెబ్బ మొదట 4,000 హెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద తగులుతుంది. తొలి ఏళ్లలో సంభాషణకు ఆటంకం ఉండదు కనుక కార్మికుడికి తెలియదు. చెవిలో హోరు మొదలయ్యేసరికి, ఇంట్లో టీవీ శబ్దం పెంచమని అడిగేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. చిన్న షెడ్లలో ఏడాదికొకసారి వినికిడి పరీక్ష అన్న మాటే వినరాదు. నివేదించవలసిన వ్యాధిని పరీక్షించేవారే లేనప్పుడు నివేదికలు ఎలా వస్తాయి?

ఊరేగింపుల డీజేల వ్యవహారంలో కొంత కదలిక కనిపిస్తోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను హద్దుగా నిర్ణయించాయి. నిబంధనకూ నిమజ్జనానికీ ఏనాడూ పొంతన కుదరలేదు. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఉత్తర్వులిచ్చారు. ఆ వాహనం వెనుక గంటల తరబడి నడిచే బ్యాండు కుర్రవాళ్ల చెవుల సంగతి ఆ చర్చలో పెద్దగా రాలేదు.

మందుల వల్ల వచ్చే చెవుడు ఇంకొకటి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు, కొన్ని క్యాన్సర్ మందులు రోమకణాలను చంపగలవు. మొండి క్షయ రోగుల్లో ఎందరో ప్రాణం దక్కించుకొని వినికిడి పోగొట్టుకున్నారు. కనామైసిన్ ఇంజెక్షన్లకు స్వస్తి పలికి నోటి మాత్రలతోనే చికిత్స చేయాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్పు ఈ విషయంలో పెద్ద ఊరట.

72 గంటల మాట

2024 జూన్‌లో ప్రముఖ నేపథ్య గాయని అల్కా యాజ్ఞిక్ తనకు అకస్మాత్తుగా వినికిడి పోయిందని సామాజిక మాధ్యమంలో వెల్లడించారు. విమానం దిగి వస్తుండగా ఏమీ వినిపించలేదని, వైరస్ దాడి వల్ల నాడీ సంబంధ వినికిడి లోపం ఏర్పడినట్లు వైద్యులు నిర్ధారించారని ఆమె తెలిపారు. ఆ వార్త దేశంలో చాలామందికి తొలిసారి పరిచయం చేసిన విషయం, చెవుడు హఠాత్తుగా కూడా రాగలదని. 72 గంటల వ్యవధిలోనే ఇలా వినికిడి పడిపోతే దానిని అత్యవసర పరిస్థితిగా పరిగణించాలి. స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలైతే కోలుకొనే అవకాశం అంత ఎక్కువ. రెండు వారాలు దాటాక అది బాగా తగ్గిపోతుంది. ‘జలుబు చేసి చెవి మూసుకుపోయింది’ అనుకుంటూ గడిపే రోజులు ఆ రెండు వారాల్లోంచే ఖర్చవుతాయి.

సొరుగులో వినికిడి యంత్రం

వయసుతో వచ్చే లోపం సంఖ్యలో అన్నింటికంటే పెద్దది, శ్రద్ధలో అన్నింటికంటే చిన్నది. ‘వయసు మీద పడింది కదా’ అన్న ఒక్క మాటతో అది ముగిసిపోతుంది. వినబడని పెద్దాయన మొదట ఫోను మాట్లాడటం మానేస్తాడు, తర్వాత పెళ్లిళ్లకు వెళ్లడం, చివరకు అరుగు మీద కూర్చోవడం. తెలుగులో కలవని సంభాషణకు ‘చెవిటి మేళం’ అన్న పేరుంది. సినిమాల్లో చెవిటి పాత్ర నవ్వు పుట్టించడానికే వస్తుంది. కళ్లజోడుకు లేని సిగ్గు వినికిడి యంత్రానికి ఎందుకు వచ్చిందో ఇక్కడ వెతకవచ్చు.

ఇది ఒంటరితనంతో ఆగడం లేదు. నివారించదగిన మతిమరుపు ముప్పుల్లో వినికిడి లోపం ప్రధానమైనదని లాన్సెట్ కమిషన్ 2024 నివేదిక గుర్తించింది. అమెరికాలో 977 మంది వృద్ధులపై జరిగి 2023లో వెలువడిన అచీవ్ అధ్యయనంలో, వినికిడి యంత్రాలు ఇచ్చినందువల్ల మొత్తం సమూహంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం మూడేళ్లలో మేధాశక్తి క్షీణత 48 శాతం తగ్గింది. యంత్రం పెట్టుకుంటే మతిమరుపు రాదని ప్రచారం చేసే దుకాణాలు ఈ ఫలితంలోని మొదటి సగాన్ని చెప్పడం లేదు.

వినికిడి యంత్రంతో ప్రయోజనం పొందగలిగిన వారిలో ప్రపంచవ్యాప్తంగా 17 శాతం మందే దానిని వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భారత్‌లో యంత్రాలపై జీఎస్టీ లేదు. పేద వృద్ధులకు సహాయ ఉపకరణాలు అందించే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే ప్రారంభమైంది. చేతికర్ర, కళ్లజోడు, పళ్ల సెట్టుతోపాటు వినికిడి యంత్రం కూడా ఆ జాబితాలో ఉంది. అడిప్ కింద యంత్రం కావాలంటే మాత్రం 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉండాలి. 50 డెసిబెళ్ల లోపంతో పని పోగొట్టుకొనే స్థితిలో ఉన్న నలభై అయిదేళ్ల కార్మికుడు వృద్ధుడూ కాడు, చట్టం దృష్టిలో బధిరుడూ కాడు.

శిబిరాల్లో ఒకేరకం యంత్రాలు పంచిపెట్టడం వల్ల మరో నష్టం ఉంది. కళ్లజోడులాగే దీనికీ కొలత కావాలి. ఆడియోగ్రామ్ ప్రకారం శబ్దాన్ని సర్దకపోతే యంత్రం గిన్నెల చప్పుడును, ఫ్యాను హోరును పెంచుతుంది, మనవరాలి మాటను కాదు. రెండు వారాలకు అది సొరుగులోకి చేరుతుంది. సర్దేందుకు మళ్లీ ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా శిబిరం ఎత్తివేసిన రోజే పోతుంది.

గీతను కిందికి దించితే

చెవుడు నివారణ జాతీయ కార్యక్రమాన్ని 2006-07లో 25 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. 12వ పంచవర్ష ప్రణాళిక ముగిసేనాటికి, అంటే 2017కు, దేశంలోని వినికిడి వ్యాధుల భారాన్ని 25 శాతం తగ్గించడం దీర్ఘకాలిక లక్ష్యం. మొదట ఎంత ఉందో అన్న విషయంలోనే లక్షలూ కోట్లూ కలగలిసినప్పుడు, పావు వంతు తగ్గిందో లేదో ఎవరు చెప్పగలరు?

దారి లేకపోలేదు. 2018 నుంచి ఏర్పాటవుతున్న ఆరోగ్య కేంద్రాలు, నేటి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించవలసిన 12 రకాల సేవల్లో చెవి, ముక్కు, గొంతు సంరక్షణ ఉంది. అక్కడి సామాజిక ఆరోగ్య అధికారికి ఓటోస్కోపు వాడటం, చీమును శుభ్రం చేయడం, ప్రమాదకర రకాన్ని గుర్తించి పైకి పంపడం నేర్పితే చీము కారే చెవుల్లో అధిక భాగం ఊళ్లోనే నయమవుతాయి. చెవి వైద్యులు, ఆడియాలజిస్టులు నగరాల్లోనే గుమిగూడి ఉన్న దేశంలో ఇది ప్రత్యామ్నాయం కాదు, మొదటి మెట్టు. బడి పిల్లలకు కంటి పరీక్ష చేసిన రోజే చెవి పరీక్ష కూడా చేయడానికి అదనంగా పట్టేది కొద్ది నిమిషాలే. వైకల్య ధ్రువపత్రంతో సంబంధం లేకుండా 35 డెసిబెళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ వినికిడి యంత్రంపై రాయితీ ఇస్తే ఖజానాపై భారం పడుతుందన్న వాదన ఉంది. అయితే వినికిడి లోపాన్ని పట్టించుకోకపోవడం వల్ల ప్రపంచం ఏటా 98 వేల కోట్ల డాలర్లు నష్టపోతోందని 2021 నివేదిక లెక్కగట్టింది. ఆ మొత్తంలో భారత్ వంతు చిన్నదై ఉండదు.

ఇక జనగణన. వైకల్య గణాంకాల కోసం ఐక్యరాజ్యసమితి వేదికగా ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు రూపొందించిన ప్రశ్నావళిలో వినికిడికి ఒకే ఒక ప్రశ్న ఉంది: వినికిడి యంత్రం వాడుతున్నప్పటికీ వినడంలో మీకు ఇబ్బంది ఉందా? దానికి నాలుగు సమాధానాలు: లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు వినబడదు. 2011లో గణకులు వైకల్యం ఉందా, ఉంటే ఎనిమిది రకాల్లో ఏది అని అడిగారు. ఆ ప్రశ్నకు చీము కారే చెవి ఉన్న పిల్లవాడి తల్లి ‘లేదు’ అనే చెప్పింది. ‘కొంత ఇబ్బంది’ అన్న గడి ఉంటే ఆమె జవాబు మారేదేమో.